గాలిమరలెక్కే మా అబ్బాయి దగ్గర ఆరు రోజులు

ఊరికి వచ్చి నాలుగు రోజులైంది. బట్టలు రెండుసార్లు ఉతికినా సంచి మడతల్లోంచి ఇసుక రాలుతూనే ఉంది. అది ఆగేలోపే చూసినదంతా రాసిపెట్టుకోవాలనిపించింది.

మాది రామగిరి దగ్గర పల్లె. ఒకప్పుడు బంగారు గనులకు పేరున్న చోటు. 1990లలో ఆ కొండల మీద గాలిమరలు లేచాయి. నేను అప్పటికే కరెంటు లైన్‌మన్‌ని. 33 ఏళ్లు స్తంభాలెక్కి రిటైరయ్యాను. మా అబ్బాయి ఆ మరల చప్పుడు వింటూ పెరిగాడు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు, ఇప్పుడు రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర గాలిమరల టెక్నీషియన్‌గా ఉన్నాడు. మూడేళ్లుగా ఎండాకాలంలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. "గాలి వచ్చేదే అప్పుడు నాన్నా, సెలవు ఎలా అడగను?" అంటాడు. టీవీలో రాజస్థాన్ ఎండల వార్త వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ అన్నం ముందునుంచి లేచిపోయేది. చివరికి మే నెలాఖరులో, గోంగూర పచ్చడి, వేరుశెనగ పొడి, రెండు కిలోల రాగిపిండి కట్టిచ్చి, "నువ్వే వెళ్లి చూసిరా" అని నన్ను పంపింది.

మొదటి రోజు: జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్

జోధ్‌పూర్‌లో దిగగానే తిన్నది మిర్చీ వడ. మన బజ్జీ మిరపకాయకు రెండింతలుంటుంది. కడుపు చీల్చి, బంగాళాదుంప కూరి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. ఇరవై ఐదు రూపాయలు. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి లేదు.

అక్కడి నుంచి బస్సు. కిటికీ మూస్తే ఊపిరాడదు, తెరిస్తే మొహం కాలుతుంది. ఆ వడగాలిని అక్కడ 'లూ' అంటారు. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన, ఎర్రటి తలపాగా, చెవులకు బంగారు పోగులు, నన్ను కాసేపు చూసి తన జేబులోంచి ఒక చిన్న ఉల్లిపాయ తీసి నా చొక్కా జేబులో వేశాడు. లూ తగలదట. వడదెబ్బకు ఉల్లిపాయ మందని మన దగ్గరా నమ్ముతారు కదా! భాష రాకపోయినా ఆ ఉల్లిపాయతో మాకు చుట్టరికం కలిసింది. ఈ దారికి ఉత్తరాన ఫలోది అనే ఊరుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. ఆ సంగతి పెద్దాయన రెండు చేతుల వేళ్లు ఐదుసార్లు చూపించి, ఆ తర్వాత ఇంకొక్క వేలు ఎత్తి చెప్పాడు.

పోఖ్రాన్ దాటాక నేల చదునై, చెట్లు పలచబడ్డాయి. జైసల్మేర్ ఇంకా కొంత దూరం ఉండగానే గాలిమరలు కనిపించాయి. మా రామగిరి కొండల మీదివి వీటి ముందు పిల్లల్లాంటివి. ఆకాశం అంచు పొడుగునా, ఒకదాని వెనుక ఒకటి, లెక్క పెట్టబోతే తప్పిపోయేటన్ని. ఇక్కడ 2001లో మొదలుపెట్టారు. అమర్‌సాగర్, బడాబాగ్, తేజువా, సోడా మాడా అంటూ పల్లె తర్వాత పల్లెకు పాకి ఇప్పుడు వెయ్యి మెగావాట్లు దాటింది.

అబ్బాయి బస్టాండుకు వచ్చాడు. నల్లబడ్డాడు, చిక్కాడు, కానీ నడకలో బలం ఉంది. జీపులో పోతుంటే దూరంగా ఒక మర నిలిచిపోయి ఉండటం చూశాను.

"ఒరేయ్, అదొకటి చెడిపోయినట్టుంది చూడు."

"చెడిపోయి ఉండొచ్చు నాన్నా. కానీ ఇంత గాలి ఉండి, పక్కవన్నీ తిరుగుతూ, అదొక్కటే ఆగిందంటే ముందు లోపల మనిషి ఉన్నాడేమో అనుకోవాలి. ఎక్కేముందు ఆపుతాం కదా."

ఆ మర కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి దాన్నే చూశాను.

రెండో రోజు: గది

బడాబాగ్ దాటాక ఒక పల్లెలో పసుపురాతి ఇల్లు. ఒకే గదిలో ముగ్గురు కుర్రాళ్లు. మావాడు కాక ఒకరు తిరునెల్వేలి, ఇంకొకరు కచ్. ఇద్దరూ గాలి ఊళ్ల పిల్లలే. అద్దె ఐదు వేలు ముగ్గురూ పంచుకుంటారు. నీళ్ల టాంకరుకు విడిగా వెయ్యి రూపాయలు. ఇంటి యజమాని ఆ నీళ్లను నేలలో కట్టిన తొట్టిలో పోయించి, మూతకు తాళం వేస్తాడు. వానాకాలంలో అదే తొట్టిలో వాననీరు పట్టుకుంటారు. దాన్ని టాంకా అంటారు.

వాళ్ల గడియారమే వేరు. మూడున్నరకు లేస్తారు. నాలుగున్నరకు జీపు వస్తుంది. తెల్లవారేసరికి టవర్ తలుపు దగ్గర ఉండాలి, పదకొండుకల్లా దిగిపోవాలి. ఆ తర్వాత తప్పనిసరి అయితే తప్ప ఎక్కరు. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగా వీస్తుంది. ఎడారి కాగి, పైకి లేచిన వేడిగాలి చోటికి నైరుతి నుంచి గాలి దూసుకొస్తుంది. ఏడాది సర్వీసులన్నీ ఆ గాలి మొదలయ్యేలోపే ముగించుకుంటారు. కానీ మర చెడేది కూడా బాగా తిరిగే రోజుల్లోనే. 2.1 మెగావాట్ల మర నిండు గాలిలో ఒక గంట ఆగితే 2,100 యూనిట్లు పోయినట్టే. మా వీధి లెక్కన పది ఇళ్లకు నెల రోజుల కరెంటు. అందుకే ఎండ ఎంత ఉన్నా పైకి వెళ్లక తప్పదు.

పైన రెక్కల వెనుక చిన్న బస్సంత పెట్టె ఉంటుంది. నాసెల్ అంటారు. గేర్‌బాక్సు, జనరేటరు అందులోనే. బయట 46 డిగ్రీలుంటే లోపల 55 దాటుతుందని చెప్పారు. మరీ వేడెక్కితే యంత్రం తనంతట తానే కరెంటు తయారీ తగ్గించుకుంటుంది, ఇంకా ఎక్కువైతే ఆగిపోతుంది. కచ్ కుర్రాడు ఆ మాట చెప్పి, ఉప్పు, చక్కెర, నిమ్మకాయ వేసిన నీళ్ల సీసాలు వరసగా పెట్టుకుంటూ, "మాకు అలా ఆపే మీట లేదు అంకుల్, మేమే చూసుకోవాలి" అన్నాడు.

రాత్రి వాళ్లకు రాగి సంగటి చేసి పెట్టాను. తిరునెల్వేలి పిల్లవాడు గోంగూర పచ్చడి సీసా సగం ఖాళీ చేశాడు. మిద్దె మీద నులక మంచాలేసుకుని పడుకున్నాం. చీకట్లో ఎటు చూసినా మరల మీద ఎర్ర దీపాలు. రెక్క కిందికి వచ్చినప్పుడల్లా దూరం నుంచి ఎవరో జల్లెడ పడుతున్నట్టు ఒక చప్పుడు. మా అబ్బాయి ఆ చప్పుడుకే నిద్రపోతాడట, చిన్నప్పటిలాగే.

మూడో రోజు: టవర్ కింద

పై అధికారి అనుమతితో నన్ను కంచె బయటదాకా రానిచ్చారు. తలకు హెల్మెట్ పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. దగ్గరలో బడాబాగ్ ఛత్రీలు, జైసల్మేర్ రాజుల స్మారక మండపాలు, పసుపు రాతిలో కోసిన గొడుగుల్లా ఉన్నాయి. వాటి వెనుక తెల్లటి మరలు. ఎవరినైనా ఆపి నిలబెట్టే దృశ్యం. కానీ నా కళ్లు తలుపు దగ్గరే ఉన్నాయి.

ముందు మరను ఆపారు. మూడు రెక్కలూ అంచులు గాలికి తిప్పుకుని, మెల్లగా నిలిచాయి. తర్వాత స్విచ్చుకు తాళం వేసి, పేరు రాసిన చీటీ తగిలించి, తాళంచెవి మావాడు తన జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. నేను అది చూసి ఊపిరి పీల్చుకున్నాను. మా రోజుల్లో ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపి పనికి ఇచ్చే లైన్ క్లియర్, సబ్‌స్టేషన్‌లో ఒకరు పుస్తకంలో రాసుకోవడమే. ఇక్కడ ఎవరి ప్రాణం తాళం వాళ్ల జేబులోనే.

నడుముకూ భుజాలకూ తొడలకూ పట్టీలు బిగించుకున్నారు. ఒకరి పట్టీలు మరొకరు లాగి చూశారు. నిచ్చెన పొడుగునా బిగించిన ఉక్కు తీగకు ఒక పట్టు తగిలించుకుంటారు. కాలు జారితే అది తీగను కరిచి పట్టుకుంటుంది. ఒంటరిగా ఎవరూ ఎక్కరు. ఎత్తు 80 మీటర్లు. నేను ఎక్కిన స్తంభాలు 8 మీటర్లు, 9 మీటర్లు. పది స్తంభాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు! తలుపు తెరవగానే లోపలి నుంచి రొట్టెల భట్టీ తెరిచినట్టు వేడి కొట్టింది. అప్పటికి ఇంకా ఉదయం ఆరు కూడా కాలేదు. రాత్రంతా కూడా ఆ ఉక్కు చల్లారలేదన్నమాట.

గేర్‌బాక్సు నూనె వేడెక్కుతోందని ఆ మర రెండు రోజులుగా మొరాయిస్తోంది. నూనెను చల్లబరిచే రేడియేటరు రేకుల మధ్య ఇసుక పేరుకుంటే అంతే. పనిముట్లు, నీళ్ల డబ్బాలు సంచిలో పెట్టి పైనుంచి గొలుసుతో లాక్కున్నారు. స్పానరుకు కూడా తాడు కట్టి ఉంటుంది. అంత ఎత్తు నుంచి జారితే కింద మనిషి బతకడు.

నేను జీపు నీడలో డ్రైవరుతో కూర్చున్నాను. నన్ను "కాకా సా" అని పిలిచేవాడు. ఆ ఊళ్లలో 'సా' కలపకుండా పెద్దవాళ్లను పిలవరు. చూసేందుకు ఇంకేమీ లేక ఎర్తింగ్ గుంత దగ్గరికి వెళ్లి చూశాను. రెక్క కొస నుంచి నేలదాకా పిడుగుకు దారి వేసి ఉంటుంది. కానీ ఎండిన ఇసుకలో కరెంటు దిగదు. బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఇక్కడా అదే చేస్తారట, తాగే నీళ్లే కొనుక్కునే చోట! నేను మూడు దశాబ్దాలు ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర చేసిన పనే అది. ఆ గుంత పక్కన కూర్చున్నప్పుడు తొలిసారి ఈ ఊరు నాకు పరాయిగా అనిపించలేదు.

పదకొండు దాటాక దిగారు. మావాడి చొక్కా వీపు మీద చెమట ఎండి, అలలు అలలుగా తెల్లటి ఉప్పు గీతలు. గ్లవ్స్ తీస్తే అరచేతులు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. బొటనవేలి కింద ఒక పాత కాలిన మచ్చ. చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టాను. ఒక్క గుక్కలో తాగేసి, మాటలేకుండా గ్లాసు మళ్లీ నా వైపు చాపాడు, బడినుంచి వచ్చినప్పుడు చాపినట్టే. కచ్ కుర్రాడికి మాత్రం పైన పిక్కలు పట్టేశాయట. మధ్య అరుగు మీద పావుగంట కూర్చోబెట్టి, ఉప్పునీళ్లు తాగించి, మెల్లగా దించారు. అతణ్ని ఆ సాయంత్రం, మర్నాడు పనికి పంపలేదు.

నాలుగో రోజు: దారి తప్పి

సాయంత్రం ఎండ తగ్గాక నడకకు వెళ్లి దారి తప్పాను. మరల మధ్య మట్టిదారులన్నీ ఒకేలా ఉంటాయి. టవర్ల మీద నంబర్లే గుర్తు. నేను ఆ నంబరు చూసుకోకుండా వచ్చాను. ఫోను చార్జింగ్ అయిపోయింది. గంటసేపు తిరిగాక ఒక గొర్రెల కాపరి ఎదురై, నా మొహం చూసే విషయం తెలుసుకుని, ముందు తన ఇంటికి తీసుకెళ్లాడు.

గుమ్మం దగ్గరే ఆయన కోడలు, కళ్లదాకా కొంగు లాక్కుని, లోటాతో నీళ్లు తెచ్చింది. పెదాలకు తగలకుండా పైనుంచి పోసుకుని తాగాలి. నీళ్లిచ్చాకే ఎవరివి, ఏ ఊరు అని అడుగుతారు. తర్వాత ఒక గిన్నెలో చల్లటి జావ. సజ్జపిండి మజ్జిగలో కలిపి పులియబెట్టి కాచినది, రాబడీ అన్నారు. మన అంబలికి తోబుట్టువే. సజ్జరొట్టె, దానిలోకి కేర్ సాంగ్రీ కూర. వద్దంటే ఊరుకోరు. మూడోసారి బతిమాలి వడ్డించడం అక్కడి మర్యాద, మనుహార్ అంటారు. తిన్న గిన్నెలు కోడలు బూడిద కూడా లేకుండా ఉత్త ఇసుకతో తోమింది. అద్దంలా మెరిశాయి. చుక్క నీరు వాడలేదు.

సాంగ్రీ అంటే ఏమిటని అడిగితే బయటికి తీసుకెళ్లి చెట్టు చూపించాడు. జమ్మిచెట్టు! మనం దసరాకు పూజించి, బంగారమని ఆకులు పంచుకునే చెట్టు కాయలు వీళ్లకు కూర. ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊళ్లో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని మా దగ్గర చెప్పుకుంటామని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన చెట్టును చేత్తో తడిమి తలూపాడు.

తర్వాత తన బాధ చెప్పుకున్నాడు. దేవుడి పేర వదిలేసిన మేత భూములు, ఓరణ్‌లు, తీగల కిందికి పోతున్నాయని. గోడావణ్ పక్షి తీగలకు తగిలి చస్తోందని. గోడావణ్ అంటే మన బట్టమేక పిట్ట. కర్నూలు వైపు రోళ్లపాడులో దీని కోసమే అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు అక్కడ కనిపించడమే గగనం. మొత్తం మీద 150 లోపే మిగిలాయంటారు. పదిహేను కిలోల దాకా బరువు తూగుతుంది, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు, తీగ కనిపించే వేళకు తప్పుకోలేదు. పక్షి ఉన్న చోట్ల తీగలు నేలలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. తీగలు లాగి బతికినవాణ్ని, నాకు ఆ మాట గుచ్చుకుంది. మేం లాగిన లైన్ల కింద ఏం పడిందో ఎన్నడైనా చూశామా? మా అబ్బాయి చేసే పని మంచిదే, కానీ కాపరి చెప్పిందీ నిజమే. కరెంటు కోసం ఆ పిట్టను పోగొట్టుకోవలసిన పని లేదు. ఖర్చయినా తీగలు నేలలోకి వెళ్లాల్సిందే.

చీకటి పడ్డాక ఆయనే టార్చి పట్టుకుని గది దాకా దిగబెట్టాడు. డబ్బివ్వబోతే రెండు చేతులూ జోడించాడు.

ఐదో రోజు: ఆంధీ

ఉదయం బాగుచేసిన మర మధ్యాహ్నం మళ్లీ ఆగింది. నాలుగింటికి మావాడు, తిరునెల్వేలి కుర్రాడు ఎక్కారు. నేను డ్రైవరుతో కింద ఉన్నాను. ఐదున్నర ప్రాంతంలో గాలి ఒక్కసారిగా పడిపోయింది. చుట్టూ మరలు నెమ్మదించాయి. మేకలు మేత మాని ఒకచోట చేరాయి. పడమట, నేలకూ ఆకాశానికీ మధ్య, గోధుమరంగు గోడ ఒకటి లేచింది. దాని వెనుక సన్నగా మెరుపు. డ్రైవరు "ఆంధీ" అని, అప్పుడే వాకీటాకీ అందుకున్నాడు. కానీ పైవాళ్లు ముందే చూశారు.

వాకీటాకీలో అంతా నేను విన్నాను. కంట్రోల్ రూమ్ నుంచి అడిగారు, ఇంకా ఎంత పని ఉందని. అరగంట పని ఉందన్నాడు మావాడు. తుఫాను రావడానికి అంత టైము ఉంటుందేమో అన్నారు అటునుంచి. "మెరుపు కనబడింది. పని ఆపాం. దిగుతున్నాం" అన్నాడు. గొంతు పెంచలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. ఒక్క క్షణం ఆగి "సరే, దిగండి" అని వచ్చింది.

80 మీటర్ల నిచ్చెన. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పద్నాలుగు నిమిషాలు. తలుపులోంచి మొదట తిరునెల్వేలి పిల్లవాడు, వెనుక మావాడు. తలుపు బిగించి, జీపులో పడి, మర నుంచి దూరంగా వచ్చేసరికి గోడ మమ్మల్ని మింగింది. పగలు కాస్తా ఇటుకరంగు చీకటైంది. జీపు ఊగుతోంది. అద్దాలు మూసినా పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. గాలి సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు దాటితే మరలన్నీ తమంతట తామే ఆగిపోతాయి. ఏ ఒక్కటీ కనిపించలేదు కానీ, ఆ జల్లెడ చప్పుడు లేకపోవడం తెలిసింది. తర్వాత పిడుగులు. ఒకటి ఎక్కడో చాలా దగ్గరగా పడింది. ముగ్గురం మాట్లాడలేదు. డ్రైవరు మాత్రం పెదాలు కదుపుతూ దేవుణ్ని తలచుకుంటున్నాడు. చివర్లో నాలుగు పెద్ద చినుకులు, అంతే, బురద వాన.

వాన వెలిసినా వెంటనే వెళ్లలేదు. ఉరుములు పూర్తిగా దూరమయ్యాక కూడా గంటసేపు టవర్ దగ్గరికి పోకూడదట.

ఆ రాత్రి మిద్దె కడిగి, మంచాలేసుకున్నాక అబ్బాయికి ఒక సంగతి చెప్పాను. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పనిది. నా జోడీ లైన్‌మన్ పోయిన రాత్రి సంగతి. గాలివానకు ఊరంతా చీకటి, జనం స్తంభం చుట్టూ మూగి తొందర చేస్తున్నారు. ఎల్‌సీ తీసుకున్నాం. కానీ తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్ తగిలించలేదు. దానికి పట్టేది ఐదు నిమిషాలే. ఎవరిదో జనరేటరు కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చింది. ఎక్కింది అతను. ఎక్కాల్సింది నేను, ఆ రోజు నాకు జ్వరంగా ఉందని తను ముందుకు వచ్చాడు. "ఆగుదాం" అనే మాట నా నోటిదాకా వచ్చింది, జనం ముందు అనలేకపోయాను.

అబ్బాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, తన మంచం నా మంచానికి ఆనించి వేసుకుని పడుకున్నాడు.

ఆరో రోజు: తిరుగు దారి

ఉదయం కోట చూశాను. 1156లో రావల్ జైసల్ కట్టించినది, ఇప్పటికీ లోపల జనం కాపురాలుంటారు. ఎండ పడితే రాయి బంగారంలా వెలుగుతుంది. వాళ్లమ్మకు కిలో ఎండు సాంగ్రీ కొన్నాను. బేరం తెలియక ఎక్కువే ఇచ్చి ఉంటాను, వెయ్యి దాటింది.

మావాడు బస్టాండుకు రాలేదు. నేనే వద్దన్నాను. నిన్న వదిలేసిన అరగంట పని తెల్లవారుజామున మొదలుపెట్టాలి. మూడున్నరకు వాడు లేచినప్పుడే నేనూ లేచి, రాగి అంబలి కాచి ఇచ్చాను. గుమ్మంలో వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. బూట్ల తాడు ఊడి ఉంటే కట్టుకోమన్నాను.

బస్సు పోఖ్రాన్ వైపు తిరిగేసరికి ఎనిమిదైంది. రాత్రి తుఫాను తుడిచిపెట్టిన ఆకాశం కింద మరలన్నీ ఒకేవైపు మొహం పెట్టి తిరుగుతున్నాయి. కిటికీకి ఆనుకుని వెతికాను. చాలా దూరంలో, వరస మధ్యలో, ఒకటి మాత్రం కదలకుండా నిలబడి ఉంది. అది మావాడున్న మరేనో, ఇంకొకరి బిడ్డ ఉన్నదో ఆ దూరం నుంచి చెప్పలేను. బస్సు మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మలుపు దగ్గర దాని రెక్కలు మెల్లగా కదలడం మొదలైంది.